చేతులు కట్టుకున్న తొంభై రోజులు

నా జన్మలో నేను ఎవరి ముందూ చేతులు కట్టుకున్న వాణ్ణి కాదు. ఉద్యోగాలే నన్ను వెతుక్కుంటూ వచ్చాయి గానీ, ఉద్యోగం కోసం నేను ఒకరి గడప తొక్కింది లేదు. ఈ మాట మా రేగుబిల్లిలో ఎవరినడిగినా చెబుతారు. ముందుగా నేనే అందరికీ చెప్పి ఉంచాను గనక.

నా పేరు యడ్ల దాలినాయుడు. చదువు అయిదో తరగతి. అదీ ఊరి బడిలో, మేష్టారు వచ్చిన రోజుల్లో మాత్రమే. రేగుబిల్లి చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క సంవత్సరాలు కూత వేశాను. షిఫ్టు మారే వేళకి బాయిలరు పక్కనున్న గొలుసు లాగితే ఆవిరి గొట్టంలోంచి వస్తుందే, ఆ కూత. గొలుసు లాగడంలో గొప్పేముంది అంటారు తెలియనివాళ్ళు. నా కూతకి పదకొండు ఊళ్ళు నిద్ర లేచేవి. గేదెలు దూడల్ని విడవకుండానే పాలు చేపేవి. ఒకసారి కొబ్బరితోటల రైతులంతా కలిసి మేనేజరు గారికి అర్జీ పెట్టుకున్నారు. కూతకి కాయలు రాలిపోతున్నాయని కాదు, ఇంకాస్త సేపు లాగితే మిగతావి కూడా రాలతాయి, చెట్టెక్కే పని తప్పుతుందని.

అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పాలి. మా కూత వినడం అలవాటైన మనిషి చెయ్యి, పనిలోకి దిగే ముందు బుర్రని అడగదు. బాయిలరులో చెరకు పిప్పి ఎగదోసే మీసాల గురువులు అనేవాడు ఒకసారి మేనకోడలి పెళ్ళిలో హోమం పక్కన కూర్చుని కునుకు తీస్తున్నాడు. ఇంతలో రెండో షిఫ్టు కూత పడింది. గురువులు కళ్ళు తెరవకుండానే లేచి, అక్కడున్న సమిధలన్నీ రెండు చేతులా ఎత్తి ఒక్క తోపులో హోమంలోకి తోసేశాడు. పురోహితుడు గారికి కనుబొమ్మలు మళ్ళీ మొలవడానికి రెండు నెలలు పట్టింది.

అటువంటి ఫ్యాక్టరీని మూసేశారు. చెరకు రావడం లేదని ఫ్యాక్టరీ మూశారు. ఫ్యాక్టరీ మూశారని రైతులు చెరకు వెయ్యడం మానేశారు. ఇందులో ముందు జరిగినది ఏదో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీలో వాళ్ళకి మాత్రం ఇప్పటికీ చేతినిండా పని ఉంది.

నేను ఇంట్లో కూర్చున్నాను. కూర్చోవడం చేతకాని మనిషి కూర్చుంటే ఇల్లు ఇల్లుగా ఉండదు. తెల్లారి ఆరు కాగానే నా చెయ్యి గొలుసు కోసం పైకి వెళ్ళేది. గొలుసు ఉన్నచోట మా ఇంట్లో బట్టల దండెం ఉంది. రోజూ నిద్రలోనే దండెం లాగి, తడిబట్టలన్నీ మీద వేసుకుని లేచేవాణ్ణి.

మా ఆవిడ అప్పలకొండ జీడిపిక్కల షెడ్డులో పనికి కుదిరింది. పొద్దున్నే కేరేజీ సర్దుకుంటూ నాకు హితవు చెప్పేది.

"మావా, నువ్వు ఉద్యోగానికైనా ఎల్లు, ఊరేగడానికైనా ఎల్లు. దండెం మాత్రం ఒగ్గీ. ఉతికిన బట్ట మల్లీ ఉతకలేక సస్తన్నాను."

"ఏటి సేస్తానే, సెయ్యి ఆగదు."

"సెయ్యి ఆగకపోతే నోటితో కూయి. దండానికి దండం పెడతాను, దాన్ని ఒగ్గీ."

అని, పక్కింటివాళ్ళు గోడ మీదినుంచి తొంగి చూస్తుండగా, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని నా కూతని వెక్కిరించి చూపించేది. వాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అయితే టీ కొట్టు దగ్గరికి వెళితే, ఇదివరకు నన్ను చూసి బల్ల మధ్యలో చోటిచ్చినవాళ్ళు, ఇప్పుడు చివర్న చోటిస్తున్నారు. బల్ల చివర్న కూర్చున్నవాడికి అవతలివాడు లేస్తే పడిపోయే భయం ఒకటి ఉంటుంది. అది పడ్డవాడికే తెలుస్తుంది.

అలా తొమ్మిది నెలలు గడిచాక ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నిజంగానే వచ్చింది. మా ఊరికి మూడు మైళ్ళ దూరంలో కలిదిండి సోమరాజు గారని ఒకాయన మామిడిగుజ్జు ఫ్యాక్టరీ కడుతున్నారు. మా చక్కెర ఫ్యాక్టరీ సామాను పాత ఇనుము కింద అమ్మినప్పుడు ఆయన మా కూత గొట్టం కొన్నారు. తీసుకెళ్ళి బిగించారు. గొలుసు ముగ్గురు లాగి చూశారట. ఒకరు లాగితే పిల్లి అరిచినట్టు, ఒకరు లాగితే ముసలాయన దగ్గినట్టు వచ్చింది. మూడో ఆయన లాగితే ఏమీ రాలేదు గానీ, ఆయన మాత్రం ఆసుపత్రికి వెళ్ళాడు. అప్పుడు నాకు కబురు పెట్టారు.

"దాలినాయుడూ, గొట్టం నీ మాటే వింటుందటగా," అన్నారు సోమరాజు గారు. "రేపే వచ్చెయ్యమందును గానీ, ఒక చిక్కుంది. నిరుద్యోగులకే పనిస్తానని రాసిచ్చి ఈ స్థలం తీసుకున్నానయ్యా. నువ్వు నిరుద్యోగివని సర్కారు కాగితం ఒకటి తెచ్చుకో. మొదటి కాయ లారీ నా గేటు దాటేలోగా తెచ్చావా, గొలుసు నీది."

"తేకపోతే బాబూ?"

"ఏముంది, విశాఖపట్నం నుంచి కరెంటు సైరను తెప్పిస్తా. మీట నొక్కితే అదే కూస్తుందట. దానికి భోజనం వేళ కూడా ఉండదట."

అప్పటికి మామిడి చెట్లు ఇంకా పూత మీదే ఉన్నాయి. కాగితమేగా, మూడు రోజుల్లో తెస్తానని చెప్పి వచ్చాను.

జిల్లా నిరుద్యోగ నిర్ధారణ కేంద్రం అని కొత్తగా పెట్టిన ఆఫీసు అది. అధికారి వేదుల పరాంకుశరావు గారు. చాలా మర్యాదస్థులు. మనిషి వైపు చూడకుండా, కాగితం వైపే చూసి మాట్లాడతారు.

"తమరి అభ్యర్థన?"

"నిరుద్యోగినని కాగితం గావాల బాబూ."

"ఆధారం?"

ఫ్యాక్టరీ మూసినట్టు మేనేజరు సంతకం చేసిన నోటీసు చూపించాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. రెండోసారి వెలుతురుకి పెట్టి చదివారు.

"ఇది ఫ్యాక్టరీ పని చెయ్యడం లేదనడానికి ఆధారం. తమరు పని చెయ్యడం లేదనడానికి కాదు."

"నాను ఖాళీగా ఉన్నానని ఊరంతా ఎరుగుదురు బాబూ."

"ఊరు సదరు విషయమై అధీకృత సంస్థ కాదు. రాష్ట్రంలో బోగస్ నిరుద్యోగులు మితిమీరిపోయిన దృష్ట్యా ప్రభుత్వం వారు ప్రత్యక్ష పరిశీలనా విధానం ప్రవేశపెట్టి ఉన్నారు. అభ్యర్థి తొంభై పనిదినాలు, ఉదయం పది గంటల నుంచి సాయంత్రం అయిదు వరకూ ఈ కేంద్రంలో హాజరై, ఏ పనీ చెయ్యకుండా ఉన్నట్టు మాకు కనబడవలెను. అప్పుడు ధ్రువపత్రం."

"ఈ తొంభై రోజుల్లో ఎక్కడైనా పని దొరికితేనో?"

"నిరుద్యోగానికి భంగం. మొదటి నుంచి ప్రారంభించాలి."

"పోనీ, దొరకలేదనుకోండి. పొద్దున్నో సాయంత్రమో వెతుక్కోవచ్చా?"

పరాంకుశరావు గారు మొదటిసారి తలెత్తారు. పాపం, నా అజ్ఞానానికి ఆయన కళ్ళలో జాలి కనిపించింది.

"వెతకడం పని కాదా? నడవాలి, అడగాలి, బతిమాలాలి. అది శ్రమ. నిబంధన ఏడు, ఉపనిబంధన మూడు. ఉద్యోగం వెతికేవాడు నిరుద్యోగి కాజాలడు."

"మరైతే ఉద్యోగం ఎలగ వస్తాది బాబూ?"

"అది మా శాఖ పరిధిలోకి రాదు. మాది నిరుద్యోగ శాఖ."

తరవాత నన్ను పక్క హాల్లోకి పంపారు. పొడుగాటి బల్లలు. వాటి మీద అరవై రెండు మంది, బడిపిల్లల్లాగా, చేతులు కట్టుకుని కూర్చున్నారు. అందులో అరవై మంది మా ఫ్యాక్టరీ వాళ్ళే. నా రాకతో లెక్క అరవై మూడయింది. అటెండరు తాతారావు నా భుజం పట్టి కూర్చోబెట్టి, నా రెండు చేతులూ మడిచి ఛాతీ మీద పెట్టాడు.

"ఇలగే ఉండాల. విప్పకూడదు. విప్పిన సెయ్యి ఎప్పుడేటి సేస్తాదో గవర్మెంటుకి తెలీదు."

అంచేత మొదట్లో నేను కొట్టిన డప్పు ఇక్కడితో ఆపేస్తున్నాను. ఎవరి ముందూ చేతులు కట్టుకోలేదన్న యడ్ల దాలినాయుడు, పరాంకుశరావు గారి ముందు, తాతారావు ముందు, గోడ మీది గడియారం ముందు, ఒక బల్లి ముందు కూడా, రోజుకి ఏడు గంటల చొప్పున కట్టుకున్నాడు. అలవాటై ఇంట్లో అన్నం ముందు కూడా కట్టుకుంటే, మా ఆవిడ విప్పి తినిపించింది.

ఏ పనీ చెయ్యకపోవడం తేలికని మీరనుకుంటారు. మా కాసులమ్మని అడగండి. రొంగలి కాసులమ్మ మా ఫ్యాక్టరీలో గోనె సంచుల మూతి కుట్టేది. చేతిలో దబ్బనం, పురికొస. నిమిషానికి నాలుగు సంచులు. అటువంటి మనిషి చేతులు కట్టుకున్నా వేళ్ళు ఊరుకోవు. మూడోరోజున తాతారావు పుస్తకం తెరిచాడు.

"కాసులమ్మప్పా, కుడతన్నావు."

"ఏటి కుడతన్నాన్రా? దారం ఉందా? సంచుందా?"

"సంచి నేదు గానీ కుట్టు ఉంది. ఏళ్ళు సూడు."

"ఓర్నీ, నా ఏళ్ళు నా ఇష్టం. నీ మెడ కుట్టీగల్ను, తెలుసా?"

పరాంకుశరావు గారు వచ్చి, వేళ్ళని పరీక్షించి, ఉత్పత్తి లేకపోయినప్పటికీ ఉత్పత్తి చేసే ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తున్నదని రాసుకుని, కాసులమ్మకి రెండు రోజులు కోత పెట్టారు. ఆమె ఆ రోజు నుంచీ దబ్బనాన్ని కొప్పులో గుచ్చుకుని కూర్చుంది. అది ఉంటే ధైర్యంగా ఉంటుందట.

గురువులుది ఇంకో గొడవ. ఆయన కూర్చున్న పావుగంటకి నిద్రపోతాడు. నిద్ర పనా కాదా అని తాతారావుకి సందేహం వచ్చింది. పరాంకుశరావు గారికీ వచ్చింది. పైకి రాశారు. ఇరవై మూడు రోజులకి జవాబు వచ్చింది. దాన్ని ఆయన హాల్లో నిలబడి చదివి వినిపించారు.

"నిద్ర అనుమతించబడినది. గురక విషయమై నిపుణుల సంఘం ఏర్పాటు చేయబడినది. సంఘం నివేదిక అందే వరకు అభ్యర్థి ఊపిరి వదలవచ్చును గానీ వినబడకూడదు."

ఆదివారం సంగతి తేల్చింది కూడా గురువులే. మొదటి శనివారం సాయంత్రం అయిదింటికి చెయ్యెత్తి అడిగాడు.

"బాబూ, రేపు సెలవేనా?"

"అవశ్యం. ఆదివారం సెలవు దినం."

"సెలవంటే రోజూ సేసేది మానీడమే కద బాబూ?"

"అంతే కదా."

"మేం రోజూ ఏటీ సెయ్యకుండా ఉంతన్నాం. రేపు అది మానీవాలన్న మాట?"

పరాంకుశరావు గారు కుర్చీలో కూర్చున్నారు. నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పారు. చివరి పేజీ నుంచి మళ్ళీ వెనక్కి తిప్పారు. చివరికి, సెలవు దినాన అభ్యర్థులు తమ విధి అయిన నిష్క్రియత్వం నుంచి పూర్తిగా విరమించవలెనని ఉత్తర్వు రాశారు. అంటే ఆదివారం పని చేసి తీరాలి. చెయ్యకపోతే సెలవు దుర్వినియోగం చేసినట్టు.

ఇక ఆదివారాలు చూడాలి. అరవై ముగ్గురం వారం రోజుల పని ఒక్కరోజులో చేసేవాళ్ళం. గురువులు ఎకరన్నర పొలం ఒక్కడే తవ్వి, చాలక పక్కవాడిది కూడా తవ్వి దెబ్బలు తిన్నాడు. మా అప్పలకొండ శనివారం రాగానే గోడ మీద బొగ్గుతో పనులు రాసిపెట్టేది. ఇంటికప్పు నేయించింది, నూతి గట్టు కట్టించింది, చివరికి నా చేతనే ఆ దండెం పీకించి, నా చెయ్యి అందనంత ఎత్తున కట్టించింది.

"ఓలమ్మో, ఈ గవర్మెంటు సల్లగుండాల," అనేది. "ముప్పై యేళ్ళ కాపరంలో నువ్వింత పని సెయ్యలేదు మావా. నిరుద్యోగమొచ్చేకే కద పనిమంతుడివయ్యేవు!"

మార్చి వచ్చేసరికి తాతారావు మంచమెక్కాడు. అరవై మూడు మంది ఏమీ చెయ్యకపోవడాన్ని ఒక్కడే చూడలేక కళ్ళు వాచిపోయాయి. పరాంకుశరావు గారు నన్ను పిలిచారు.

"దాలినాయుడు గారూ, తమరి నిరుద్యోగం ఇంతవరకు మచ్చలేనిది. తమరిని గౌరవ పర్యవేక్షక నిరుద్యోగిగా నియమిస్తున్నాను."

"నియమిస్తే ఉద్యోగమైపోదా బాబూ?"

"అందుకే గౌరవ అన్నాను. తమరు అందరినీ చూడండి. గమనించకండి."

"రెండిటికీ తేడా ఏటి బాబూ?"

"చూడటం కళ్ళ స్వభావం. గమనించడం పని."

నేను అలాగే చూశాను. కాసులమ్మ వేళ్ళు చూశాను, గమనించలేదు. గురువులు గురక విన్నాను, చెవిన పెట్టలేదు. నా హయాంలో హాల్లో ఒక్క తప్పు కూడా నమోదు కాలేదు. జిల్లా నిరుద్యోగ ప్రమాణాలు పెరిగాయని పరాంకుశరావు గారికి పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

నేను మాత్రం కిటికీలోంచి బయట ఉన్న మామిడి చెట్టునే చూసేవాణ్ణి. పూత రాలింది. పిందె కట్టింది. పిందె పెరిగి కాయయింది. ప్రతి కాయా సోమరాజు గారి లారీ ఎక్కడానికే పెరుగుతున్నట్టుండేది. ఎనభై రోజులు దాటాక, ఉబలాటం ఆపుకోలేక ఆదివారం పూట పుల్ల మామిడికాయలు నాలుగు ఉప్పు కారం అద్దుకుని తిన్నాను. గొంతు పట్టేసింది. మాట బొంగురుపోయింది. షెడ్డు నుంచి వస్తూ అప్పలకొండ రోజూ అయిదింటికి కాస్త ముందుగా మిరియాల కషాయం తెచ్చేది. నా చేతులు కట్టి ఉంటాయి గనక కిటికీ ఊచల్లోంచి తనే నా నోట్లో పోసేది.

"తాగు మావా, తాగు. పీటల మీద కూడా నువ్వింత బుద్దిగా కూకోలేదు," అని నవ్వేది.

ఎనభై తొమ్మిదో రోజు వచ్చింది. పొద్దున్నే సోమరాజు గారి మనిషి ఇంటికొచ్చి చెప్పి వెళ్ళాడు: ఎల్లుండి ఉదయం మొదటి లారీ. నేను లెక్క వేసుకున్నాను. రేపటితో తొంభై నిండుతాయి, సాయంత్రం కాగితం చేతికి వస్తుంది, ఎల్లుండి తెల్లారకుండా గేటు దగ్గర ఉంటాను. వేలి మీద లెక్క వెయ్యాలంటే చెయ్యి విప్పాలి గనక మనసులోనే మూడుసార్లు వేసుకున్నాను.

ఆ రోజే రాష్ట్ర నిరుద్యోగ కమిషనరు గారు తనిఖీకి వచ్చారు. పెద్దావిడ, కళ్ళజోడు, చేతిలో చిన్న పుస్తకం. సాయంత్రం అయిదుకి పది నిమిషాలు ఉందనగా హాల్లో అడుగుపెట్టారు. అరవై ముగ్గురం రాతి బొమ్మల్లా ఉన్నాం. పరాంకుశరావు గారి ముఖం దీపంలా వెలుగుతోంది.

"మేడమ్, తమరి దివ్య సముఖమున మనవి. ఎనభై తొమ్మిది రోజులుగా ఈ హాల్లో పూచికపుల్ల కూడా కదలలేదు."

"చాలా సంతోషం. ఇంతవరకూ ఎన్ని ధ్రువపత్రాలు ఇచ్చారు?"

పరాంకుశరావు గారు కండువా సర్దుకున్నారు.

"ఇవ్వడం ఇంకా ప్రారంభం కాలేదండి. ముందు జట్లవీ, వీరివీ కలిపి నాలుగు వందల పన్నెండు ధ్రువపత్రాలు ఆ గదిలో సిద్ధంగా ఉన్నాయి. ఫైళ్ళు దించాలి, ముద్ర వెయ్యాలి, సంతకం పెట్టాలి, కట్టలు కట్టి తమరి కార్యాలయానికి పంపాలి. సిబ్బంది కొరత మేడమ్. మనుషులు లేరు."

మనుషులు లేరన్న మాట అరవై మూడు మంది ఎదుట అన్నారు. కమిషనరు గారు సానుభూతితో తలూపి పుస్తకంలో రాసుకున్నారు.

రేపటికి తొంభై నిండినా కాగితం ఆ గదిలోంచి బయటికి రాదన్న మాట. ఎనభై తొమ్మిది రోజులు కట్టిన చేతులు, అందని గొలుసు, బల్ల చివర చోటు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. కిటికీ బయట కషాయం గిన్నె పట్టుకుని నిలబడ్డ అప్పలకొండ కూడా ఆ మాట విన్నది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

గడియారం ముల్లు అయిదు మీదికి వచ్చింది. నేను లేచాను. ఛాతీ నిండా గాలి పీల్చి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, ముప్పై ఒక్క సంవత్సరాల కూత కూశాను.

మూడో షిఫ్టు కూత.

గురువులు కళ్ళు తెరవకుండానే లేచాడు. వాడి వెనక హాలంతా లేచింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. గురువులు ఫైళ్ళ గదిలో దూరి, చెరకు పిప్పి ఎగదోసినట్టు బీరువాల్లోంచి రెండు చేతులా తోస్తున్నాడు. బస్తాల వరస ఎలా కట్టేవాళ్ళో అలాగే మిగతావాళ్ళు గది నుంచి బల్ల దాకా వరస కట్టారు. ఫైలు చేతి నుంచి చేతికి ఎగిరి వస్తోంది. ఆ వరసలో చెయ్యి ఖాళీగా పెట్టి నిలబడ్డవాడికి పక్కనుంచి వచ్చే బస్తా గుండెకి తగులుతుంది. వరస చివర నిలబడి ఉన్నది పరాంకుశరావు గారు. మొదటి ఫైలు ఆయన గుండెకి తగిలింది. రెండోది తగలకుండా ఆయన ముద్ర వేశారు. మూడోదానికి సంతకం కూడా పెట్టారు. పదో ఫైలు దగ్గర ఆయన చెయ్యి కూడా బుర్రని అడగడం మానేసింది.

"సిరా ఎవరు పడతారమ్మా?" అని కాసులమ్మ ముద్ర సిరా పెట్టెని కమిషనరు గారి చేతిలో పెట్టేసింది. కొప్పులోంచి దబ్బనం లాగింది. పురికొస ఎక్కడిదో నాకు తెలియదు. నిమిషానికి నాలుగు కట్టలు. కట్టినవి కట్టినట్టే బయటికి వెళ్ళి కమిషనరు గారి కారులో పడుతున్నాయి.

ఇరవై రెండు నిమిషాలు. నాలుగు వందల పన్నెండు.

ఫైళ్ళు అయిపోయాయి గానీ పని ఆగలేదు. కూత పడితే గానీ షిఫ్టు దిగడం మావాళ్ళకి తెలియదు. గురువులు ఖాళీ బీరువాలు తోసెయ్యడం మొదలెట్టాడు. ఇద్దరు కుర్చీతో సహా పరాంకుశరావు గారిని ఎత్తారు.

"ఆపండి! దాలినాయుడు గారూ, సదరు పనిని తక్షణం ఆపించండి!" అని ఆయన గాలిలోంచి కేక పెట్టారు.

రెండో కూత పడింది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగి, చెమట తుడుచుకుని, బల్లల మీద కూర్చుని చేతులు కట్టుకున్నారు.

"ఎవరు ఆ కూత వేసింది?" అన్నారు కమిషనరు గారు. ఆవిడ ముక్కు మీద సిరా ఉంది.

నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. "నేనేనండి."

పరాంకుశరావు గారు కుర్చీ దిగి, కండువా దులుపుకుని, తీర్పు చెప్పారు.

"మేడమ్, వీరందరూ నా కళ్ళ ఎదుటనే పని చేసి ఉన్నారు. అరవై మూడు నిరుద్యోగాలకూ ఏకకాలంలో భంగం. అందరూ మొదటి రోజు నుంచి ప్రారంభించవలసి ఉంటుంది."

ఆవిడ బల్ల మీద మిగిలిన ఆఖరి కట్టలోంచి ఒక కాగితం లాగి చూశారు. "యడ్ల దాలినాయుడు, నిరుద్యోగిగా నిర్ధారించడమైనది. ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

"ఇది తప్పుడు సంతకం అంటారా?"

ఆయన కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశారు.

"నా సంతకాన్ని నేను శంకించడం క్రమశిక్షణా రాహిత్యం అవుతుంది మేడమ్," అన్నారు.

"అయితే ఎవరి కాగితం వాళ్ళకిచ్చి పంపించండి. మిగతావి నేను తీసుకెళతాను." ఆ మిగతావి కారులో డ్రైవరుకి తప్ప చోటు లేకుండా నిండిపోవడంతో, ఆవిడ ఆరుంబావు బస్సులో వెళ్ళారు.

ఆ తరవాత రెండో రోజు ఉదయం లారీ గేటు దాటేసరికి నేను గొలుసు పట్టుకుని ఉన్నాను. లాగాను. మూడు ఊళ్ళ అవతల ఒక గేదె చేపిందని కబురొచ్చింది.

కథ అక్కడితో అయిపోవాలి. నెల తిరక్కుండానే నాకు నోటీసు వచ్చింది. సదరు దాలినాయుడు ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నట్టు ఫిర్యాదు అందినందున, అతడి నిరుద్యోగ ధ్రువపత్రం రద్దు చేసే విషయమై, అతడు నిజంగా పని చేస్తున్నదీ లేనిదీ తేల్చడానికి, తొంభై పనిదినాలు ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకూ కేంద్రానికి హాజరై, పని చేస్తున్నట్టు పరాంకుశరావు గారికి కనబడవలెను.

"అయ్యా, నాకు ఇక్కడ పని ఉంది, రాలేను," అని జవాబు రాయించాను. పదిహేను రోజులకి ఉత్తర్వు వచ్చింది. "అభ్యర్థి హాజరు కాలేదు. పని చేస్తున్నట్టు రుజువు కాలేదు. కావున నిరుద్యోగిగానే పరిగణించి, ధ్రువపత్రం చెల్లుబాటులో కొనసాగించడమైనది." ఆ కాగితాన్ని అద్దం కట్టించి, కూత గొట్టం పక్కన తగిలించాను. సోమరాజు గారు రోజూ వచ్చి చదువుకుని మురిసిపోతారు.

ఇందులో ఒకటి నేను కల్పించాను. అదేదో కనిపెట్టేశామనే మీరనుకుంటారు. కమిషనరు గారు బస్సులో వెళ్ళడం నిజమే, కండక్టరుని అడగండి. పురోహితుడి కనుబొమ్మలూ నిజమే. కొబ్బరికాయల సంగతి మా నాన్న చెప్పాడు గనక నా పూచీ లేదు.

కల్పించింది ఆ కూత. ఆ వారం నా గొంతులోంచి పిల్లికూత కూడా వచ్చేది కాదు. గొంతు పట్టేసిందని పైన చెప్పాను, మీరు చూశారు గానీ గమనించలేదు. లేచానన్నది కూడా అబద్ధమే. బల్ల నన్ను వదల్లేదు. కషాయం గిన్నె కింద పెట్టి, కిటికీ ఊచల దగ్గర నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, రెండు కూతలూ వేసింది అప్పలకొండ. ఎవరు వేశారని కమిషనరు గారు అడిగినప్పుడు, ఆమె ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి, నా వైపు వేలు చూపించి, చప్పుడు చెయ్యకుండా గిన్నె తీసుకుంది.

ఇంటికి వెళ్ళేదారిలో అడిగాను, అలా ఎందుకు చేశావని.

"నాకు జీడిపిక్కల పని ఉంది కద మావా," అన్నది. "ఉద్యోగం లేనిది నీకే."